నాలుగో పాదం మర్చిపోయినాయన

మొన్న కోటబొమ్మాళి సంతలో ఒక కావిడి బద్ద కొన్నాను.

కత్తిపిడులు, గొడ్డలి కామలు, రోకళ్లు పేర్చుకుని కూర్చున్న ముసలాయన దగ్గర అదొక్కటే ఉంది, దుమ్ము పట్టి. రెండు కొసలకీ రెండు నీళ్ల కుండలు వేలాడదీసి భుజాన మోసే వెదురు బద్ద. ఇప్పుడెవరు మోస్తున్నారు? పెళ్లివారి సారె కావిళ్లే ఆటోల్లో వెళుతున్నాయి. అమ్మే ఆయనకే వింతగా తోచి, "ఏటి సేసుకుంతావమ్మా దీన్ని?" అని అడిగాడు. మా ఆయన దాన్ని స్కూటరు మీద అడ్డంగా పెట్టలేక, నిలువుగా పెట్టలేక నానా తంటాలు పడ్డారు. "రెండు కేజీలు మించి ఎత్తొద్దని నీకు డాక్టరు సెప్పినాడు గదా. ఇదెవులు మొయ్యాలి?" అన్నారు. ఏడుపు వస్తున్నప్పుడు జవాబు చెప్పడం నాకు చేతకాదు. ఇంటికి వచ్చాక దాన్ని వీధి తలుపు వెనక నిలబెట్టాను.

ఆ బద్ద చూడగానే నాకు గుర్తొచ్చింది మా మూడో బెడ్డాయన.

ఆయన పేరు నాకు తెలుసు గాని రాయను. డయాలసిస్ వార్డులో పేర్లతో పని లేదు. ఆయన మూడో బెడ్డు, నేను నాలుగో బెడ్డు. సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున్న ఆరున్నరకి సూది. నాలుగు గంటల పాటు ఒంట్లోని రక్తమంతా గొట్టంలోంచి బయటికి వెళ్లి, మిషన్లో శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. మా వైపు కొబ్బరితోటల ఊళ్లలో కిడ్నీలు పోవడం కొత్త సంగతి కాదు. నీళ్లన్నారు, ఎండన్నారు, నొప్పి బిళ్లలన్నారు. అసలు కారణం తేలేలోగా మాలాంటి వాళ్లం మంచాలు పంచుకుంటున్నాం.

ఆయనది భావనపాడు వైపు ఇసక నేలల్లో ఒక చిన్న ఊరు. అరవై దాటిన మనిషి. సన్నగా, నల్లగా, తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చేవాడు. వార్డుకి రాగానే బరువు చూస్తారు కదా, డయాలసిస్‌కీ డయాలసిస్‌కీ మధ్య ఒంట్లో ఎంత నీరు చేరిందో లెక్క తెలియడానికి. ఆ బరువుల మిషను మీద నిలబడి, "రెండు కుండలు తెచ్చినానమ్మా, దించుకోండి" అనేవాడు సిస్టర్‌తో. మొదటిసారి విన్నప్పుడు నాకు చిరాకేసింది. ఇక్కడ కూడా హాస్యమేనా అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది హాస్యం కాదు, ఆయన లెక్క. "నీలు మొయ్యడం నాకలవాటే తల్లీ. అప్పుడు నూతికాడ్నించి మొక్కకి, ఇప్పుడు ఇంటికాడ్నించి మిషనుకి" అనేవాడు. మంచం ఎక్కే ముందు ఆ డయాలసిస్ మిషన్ని అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు, నాగలికి కట్టబోయే ఎద్దుని తట్టినట్టు.

నేను ఆ వార్డుకి వచ్చిన రెండో నెలలో మొదటిసారి మాట్లాడుకున్నాం. అంతకు ముందు వారం రెండు పూటలు ఎగ్గొట్టాను. కాళ్లు వాచి, ఊపిరాడక, మా ఆయన మోసుకొచ్చినట్టు తీసుకొస్తే శుక్రవారం పడుకున్నాను. సూది పెడుతున్న సిస్టర్‌తో చెప్పాను, "ఇదే ఆఖరు. సోమవారం నేను రాను" అని. ఆ అమ్మాయి అలాంటివి చాలా విని ఉంటుంది. "అలాగే మేడమ్, చెయ్యి కదపకండి" అంది.

అప్పటిదాకా ఫ్యాను వైపు చూస్తున్న పక్క మంచం ఆయన తల తిప్పాడు.

"టీచరమ్మవంట గదా. పిల్లలకి ఏటి సెప్తావు?"

"తెలుగు."

"ఐతే పద్యాలొస్తాయి."

"రావు" అన్నాను. అబద్ధం కాదు. ఇరవయ్యేళ్లు పద్యాలు చెప్పాను, అప్పగింతలు పెట్టుకున్నాను, అప్పగించని పిల్లల్ని గోడ కుర్చీ కూడా వేయించాను. ఆ రెండు నెలల్లో వాటిలో ఒక్కటీ నా దగ్గరికి రాలేదు. తాత్పర్యం రాయడానికి పనికొచ్చిన పద్యాలు, సూది దిగుతున్నప్పుడు నా చెయ్యి పట్టుకోలేదు.

"రాపోతే పోనీలే. నాకొకటొచ్చును. మూడు పాదాలొచ్చును. నాలుగోది మర్సిపోనాను. సూడు, నీకేటైనా తోస్తాదేమో" అని, నా ఇష్టంతో నిమిత్తం లేకుండా చదివాడు.

*ఎండ నీది కాదు, వాన నీది కాదు,*
*కుండ నీది, భుజం నీది, బాట నీది;*
*మండు నేలను మొక్క ఒక్కటి తడిసెనా, ఒక పొద్దు గెలిచినావు...*

రాగం లేదు. నడక ఉంది. దుప్పటి కింద ఆయన పాదాలు కుడి, ఎడమ, కుడి, ఎడమ కదులుతున్నాయి.

"ఎవరు రాశారిది?" అన్నాను, టీచరు బుద్ధి పోక.

"మా మేస్టారు. నాను అయిదో తరగతి. ఇసకలో ఒకటే పాక, అదే బడి. బడి సుట్టూ కొబ్బరి మొక్కలేసినారు. మా పిల్ల గుంటలందరికీ సిన్న సిన్న కావిళ్లు కట్టించి నూతికాడ్నించి నీలు మోయించీవోరు. వరసగా నడవడానికని ఈ పద్యం కట్టినారు. ఏ పుస్తకంలోనూ నేదు. మేస్టారు పోనారు, ఆ గుంటలూ సగం మంది పోనారు."

ఛందస్సు లెక్కకి నిలిచే పద్యం కాదది. ప్రాస మాత్రం శుభ్రంగా ఉంది. ఎండ, కుండ, మండు. నాలుగో పాదం కూడా అలాగే మొదలవ్వాలి కదా అన్నాను.

"అదుగో! నాకు తెల్దు గదా అయ్యన్నీ. నువ్వు కట్టుకొచ్చీ. సోమారం సెప్పుదువుగాని."

"నేను సోమవారం రానన్నాను కదా."

"రాపోతే మానెయ్యి. పాదం మటుకు మీ ఆయన సేత పంపించు" అని మళ్లీ ఫ్యాను వైపు తిరిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. శనివారం దాని గురించి తలుచుకోలేదు. ఆదివారం పొద్దున్న బియ్యంలో రాళ్లు ఏరుతూ 'ండ' అక్షరంతో మాటలు వెతుక్కుంటున్నానని గమనించాను. పండు, నిండు, తుండు, మొండి. సోమవారం వెళ్లాను. ఊపిరాడటం లేదని మా ఆయనతో చెప్పాను గాని వెళ్లింది పాదం అప్పగించడానికే.

"నిండు కుండ తొణకనట్లు నిలువు నీవు" అని చదివాను.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. "బాగానే ఉన్నాది గానీ, ఇది కాదమ్మా. బుధారం ఇంకోటి సూడు."

అలా మొదలైంది. రెండేళ్లు సాగింది. ఒక నోటు పుస్తకం పెట్టాను. నెలకి మూడైనా తీసుకెళ్లేదాన్ని. కొన్ని నాకే నచ్చేవి కావు, కొన్నింటికి మాత్రం మెచ్చుకుంటాడని ఎదురు చూసేదాన్ని. ప్రతిదానికీ అదే తీర్పు, బాగానే ఉన్నాది గానీ ఇది కాదు. మర్చిపోయిన మనిషికి ఇది కాదని అంత గట్టిగా ఎలా తెలుస్తుందో నాకు తట్టలేదు. పైగా తెలుగు టీచర్ని.

ఆయన్ని తలుచుకుంటే ముందుగా కళ్లముందుకొచ్చేది ఒక చిన్న స్టీలు గ్లాసు. మాకు రోజంతటికీ అరలీటరే నీళ్లు. మందు బిళ్లలకీ, మజ్జిగకీ, దాహానికీ అన్నిటికీ అదే. నేను ఎండాకాలంలో తడిగుడ్డ పెదాలకి అద్దుకుని, ఏడ్చి, ఒక్కోసారి దొంగతనంగా చెంబెత్తి తాగేసి, మర్నాడు మిషను మీద నరకం పడేదాన్ని. ఆయన ఆ గ్లాసుని జేబులో పెట్టుకు తిరిగేవాడు. దాని నిండా పోసుకుని, ఒక గుక్క నోట్లో పట్టి, చాలాసేపు ఉంచి, అప్పుడు మింగేవాడు. "మొక్కక్కూడా ఇంతేనమ్మా. కుండడు ఒకేపాలి కుమ్మరిస్తే ఇసక తాగీస్తాది. పాయిగా, సుక్కా సుక్కా పొయ్యాల" అని నాకు నీళ్లు తాగడం నేర్పించాడు, నలభై మూడేళ్ల దాన్ని కూర్చోబెట్టి.

ఇంకో తమాషా జరిగేది. మా వైపు జబ్బుపడిన వాళ్లని చూడ్డానికి వట్టి చేతుల్తో వెళ్లరు. కొబ్బరి బొండాలు పట్టుకెళతారు. కిడ్నీ పోయిన వాడికి బొండాం నీళ్లు విషంతో సమానం. అందులో ఉండే పొటాషియం బయటికి పోయే దారి లేక గుండె మీదకి వస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా ఊళ్లో వాళ్లకి ఎక్కదు. బొండాం తాగొద్దనడం వాళ్ల దృష్టిలో గాలి పీల్చొద్దనడం లాంటిది. ఆయన చుట్టాలు నెలకోసారైనా అరడజను బొండాలు మోసుకొచ్చి మంచం కింద పెట్టేవారు. నాకైతే కోపం వచ్చి అరిచేదాన్ని. ఆయన ఒక్కో బొండాన్నీ చెవి దగ్గర పెట్టి ఊపి, వేలితో కొట్టి, "ఇది లేతది, ఇది రేపటికి ముదిరిపోతాది, ఇది మీ తూరుపు గట్టు సెట్టుది గదరా" అని పోల్చి, వాళ్లని సంతోషపెట్టి పంపించేసి, అన్నీ సిస్టర్లకి పంచేవాడు. పంచుతున్నప్పుడు ఆయన గొంతు కదలడం నేను చూశాను. పుట్టిన దగ్గర్నుంచి ఆ చెట్ల కింద బతికినవాడు.

ఆయన సొంత చెట్లు ఇప్పుడు లేవు. తుపానుకి ఒక్క రాత్రిలో తోటంతా నేల మీద పడుకుంది. తెల్లారి వెళ్లి చూసి ఇంటికొచ్చి అన్నం తిన్నాడట, మర్నాటినుంచి కొత్త మొక్కలకి గోతులు తవ్వాడట. కరెంటు స్తంభాలు కూడా పడిపోయి వారాల తరబడి మోటారు లేదు. అటక మీద నుంచి పాత కావిడి దించి, చిన్నప్పటి పద్యం అనుకుంటూ నలభై మొక్కలకి నీళ్లు మోశాడు. కరెంటు వచ్చాక కూడా మానలేదు. ఆ తర్వాత రెండేళ్లకి కిడ్నీలు పోయాయి. డయాలసిస్ చెయ్యడానికి ఎడమ చేతిలో నరం కలిపి కుట్టారు, ఆ చేత్తో బరువెత్తకూడదన్నారు. మొక్కల పని భార్యకి అప్పజెప్పాడు. "మొదటి గెల సూసీవరకూ నాను కదల్ను" అనేవాడు.

కుట్టిన ఆ నరంలో రక్తం పరుగెత్తుతుంటే చప్పుడు వస్తుంది. మా అందరి చేతుల్లోనూ వస్తుంది. నాకది భయం, చెయ్యి తల కింద పెట్టుకుని పడుకోలేకపోయేదాన్ని. ఒకసారి ఆయన తన చెయ్యి జాపి, "సెవి పెట్టి ఇను, నూతి గిలక తిరుగుతున్నాది" అన్నాడు. విన్నాను. నిజంగా గిలక చప్పుడే. ఆ రాత్రి నుంచి నా చేతిని నేను వినడం మొదలుపెట్టాను.

ఆయనకి కోపం రావడం ఒక్కసారే చూశాను.

మా అక్క నాకు కిడ్నీ ఇస్తానంది. ఆర్నెల్లు పరీక్షలు చేశారు. ఆర్నెల్లు నేను గోడ మీద క్యాలెండరు చూసుకుంటూ బతికాను. కుదరదని ఒక మంగళవారం తేల్చేశారు. డాక్టర్ని, "ఇంక ఎన్నాళ్లు ఇలాగ?" అని అడిగితే ఆయన ఫైలు తిరగేశారు. బుధవారం వార్డుకి వెళ్లి పడుకున్నాను. సూది రెండుసార్లు తప్పి చెయ్యి నల్లగా ఉబ్బింది. అరవలేదు కూడా. అరిచే ఓపిక ఎవరికోసం దాచుకోవాలో తెలియని రోజది.

"పాదం తెచ్చినావా?" అన్నాడు.

తెచ్చాను. రాత్రంతా నిద్ర లేక, రాయకుండానే వచ్చిన పాదం. గోడ వైపు తిరిగి చెప్పాను.

"గుండె అలిసె, దించు కావిడి, దారి చాలు."

తిరిగి చూస్తే లేచి కూర్చోబోతున్నాడు. గొట్టాలు లాగుతున్నాయి, మిషను కూత పెడుతోంది.

"ఎవులు సెప్పినారు నీకా మాట?"

"ఎవరూ చెప్పలేదు. నేనే కట్టాను."

"కొట్టీ. పుస్తకంలోంచి కొట్టీమంతన్నాను. దించీ మాట ఇక్కడంతావేటే? నా ఎదరంతావేటే?"

అంతకు ముందెప్పుడూ నన్ను 'ఏటే' అని పిలవలేదు. మా నాన్న పోయాక నన్ను అలా పిలిచినవాళ్లు లేరు. సిస్టరు పరిగెత్తుకొచ్చి ఆయన్ని పడుకోబెట్టింది. ఆయాసం తగ్గాక, పైకి చూస్తూ మాట్లాడాడు.

"ఒసే, ఇసకలో నడిమిట్ల కావిడి దించితే ఏటవుతాదో ఎరికా నీకు? కుండకి అడుగు గుండ్రంగుంతాది. నిలబడదు. ఒరిగిపోతాది. మోసిందంతా ఇసక తాగీస్తాది. మల్లీ ఒట్టి కుండలట్టుకుని నూతికాడికెల్లాల. అందుకని దించకూడదు. బుజం మార్సుకోవాల."

"మార్చుకోవడానికి నాకు ఇంకో భుజం లేదు బాబాయ్" అన్నాను. ఏడుస్తున్నాను.

"ఉంతాది. అందరికీ ఉంతాది. కావిడి మెడెనకనించి ఇలగ తిప్పితే ఆ బుజమ్మీదకొస్తాది. నడక ఆపక్కర్నేదు." సూది లేని చేత్తో తన మెడ వెనక గాలిలో తిప్పి చూపించాడు. "బల్లోకెల్తన్నావా?"

లేదన్నాను. లీవు మీద ఉన్నాను.

"ఎల్లు. మంగలారం, లచ్చివారం కాలీయే గదా."

మంగళవారం, గురువారం బడికి వెళ్లడం అలా మొదలుపెట్టాను. ఒక్క పూట, కుర్చీలో కూర్చునే పాఠం. అదే నా రెండో భుజం అయింది. నాలుగు కూడికలు నేర్చుకున్నట్టు నిమ్మళంగా నేర్చుకున్నాను బతకడం. ఆ పాదాన్ని నోటు పుస్తకంలో కొట్టేశాను.

ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే ఆయన చేతిలో గిలక ఆగిపోయింది. నరం పూడుకుపోయింది. మెడ దగ్గర గొట్టం వేశారు. అది చీము పట్టింది, ఇంకోవైపు వేశారు. మిషను మొదలుపెట్టిన అరగంటకే బీపీ పడిపోయి కళ్లు తేలేసేవాడు. ఆపేసేవారు. ఒంట్లో నీరు ఒంట్లోనే ఉండిపోయేది. బరువుల మిషను మీద ఎక్కి కుండల మాట అనడం మానేశాడు.

ఆఖరి శుక్రవారం కూడా అలాగే సగంలో ఆపేశారు. లేచి, తువ్వాలు చుట్టుకుని, గోడ పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చాడు.

"టీచరమ్మా, ఎన్నయినాయి నీ పాదాలు?"

"డెబ్భై నాలుగు."

"బాగున్నాయి, అన్నీ బాగున్నాయి. ఒక్కటీ అది కాదు." నవ్వాడు. "మానీకు. సూడు, దొరుకుతాది."

వెళ్లిపోతూ వెనక్కి వచ్చి తన మిషన్ని రెండుసార్లు తట్టాడు. ఎప్పుడూ ఎక్కేముందు తట్టేవాడు, దిగాక తట్టడం అదే చూడ్డం. నేను ఆ రోజు నా పుస్తకం గురించే ఆలోచిస్తున్నాను.

సోమవారం రాలేదు. బుధవారం మూడో బెడ్డు మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. సిస్టర్ని అడిగితే, ఆ అమ్మాయి ముందు నా చేతికి ప్లాస్టరు వేసి, అప్పుడు చెప్పింది. "ఇంక రానని ఆయన శుక్రవారమే సంతకం పెట్టి వెళ్లిపోయారు మేడమ్. డాక్టరుగారు చాలాసేపు మాట్లాడారు. మీకు అప్పుడే చెప్పొద్దని ఆయనే అన్నారు. నిన్న పోయారట."

నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. దించొద్దని నా మీద అరిచిన మనిషి తను చక్కగా దించేసి వెళ్లిపోయాడు. మరి నాకెందుకు? ఆ శుక్రవారం నేను వెళ్లలేదు. సోమవారం మా ఆయన కాళ్లా వేళ్లా పడితే వెళ్లి, రెండు గంటలకే తీసెయ్యమని వచ్చేశాను. బుధవారమూ అంతే. మళ్లీ కాళ్లు వాచాయి. నోటు పుస్తకం బీరువాలో అడుక్కి తోశాను.

పన్నెండో రోజు శనివారం పడింది. వాళ్ల ఊరు వెళదామని మా ఆయనతో అన్నాను. నిజం చెప్పాలంటే పోట్లాడ్డానికే వెళ్లాను, ఎవరితోనో తెలియదు.

ఇసక దారిలో స్కూటరు దిగి నడవాల్సి వచ్చింది. భోజనాలు అయిపోయి జనం పల్చబడ్డారు. పిన్ని, అంటే ఆయన భార్య, పొట్టిగా, గట్టిగా ఉంది. నన్నెప్పుడూ చూడకపోయినా చేతికున్న కట్టు చూసి పోల్చుకుంది. "నాలుగో బెడ్డు టీచరమ్మవి గదా" అని చెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకెళ్లింది. నలభై చెట్లు. మనిషి ఎత్తుకి రెండింతలు లేచాయి. ఒక్క చెట్టుకే గెల వేసింది. దాని మొదట్లో నులక మంచం ఇంకా అలాగే ఉంది.

"మానొద్దని నన్ను తిట్టాడు పిన్నీ. తనెందుకు మానేశాడు?" అన్నాను. పలకరింపు కూడా లేకుండా అదే అడిగాను.

ఆవిడ నొచ్చుకోలేదు. "ఇక మిషను పని సెయ్యదని డాక్టరుబాబు సెప్పీసినాడమ్మా. మిషనుమీదే గుండాగిపోతాదన్నాడు. అప్పుడొచ్చీసినాడు. అంతవరకూ ఒక్క పూట మాననేదు. అయిదేళ్లు." మంచం మీద కూర్చుని కొంగుతో ఇసక దులిపింది. "ఆదోరం సాయింత్రం మంచం ఇక్కడేయించుకున్నాడు. బొండాం దించమన్నాడు. వొద్దన్నారు గదా అన్నాను. ఇక వొద్దనీ పని నేదే, దించు అన్నాడు. అలవాటుకొద్దీ నాను ఆ సిన్న గలాసు తెచ్చినాను. అదొద్దు అన్నాడు. బొండాం ఎత్తి పట్టుకుని తాగినాడమ్మా, గుటకలినబడేటట్టు. సగం తాగినాడు, సగం ఈ మొదట్లో పోసినాడు. అప్పుడన్నాడు ఆ పద్యం. ఆకరిదాకా."

"ఆఖరిదాకా అంటే? నాలుగో పాదం గుర్తొచ్చిందా?"

ఆవిడ నా మొహం చూసింది.

"మర్సిపోతే గదమ్మా గుర్తు రావడానికి? అది ఆల మేస్టారి కట్టడి. మూడు పాదాలూ నడిసినంతసేపూ అనొచ్చు. నాలుగోది ఆకరి మొక్కకి నీలోసినాక, కావిడి దించినోడే అనాల. నడిమిట్ల ఎవడైనా అనీస్తే ఎనకోలందరూ దించీసీవోరంట. కుండలన్నీ ఒరిగిపోయీవి. అందుకని మేస్టారు కొట్టీవోరు. ఈయన పెద్దోడైనా ఆ కట్టడి తప్పనేదు. తుపాను ఎల్లినాక మొక్కలకి నీలు మోసినన్నాల్లూ, పొద్దుగూకీయేల ఆ పాదం ఇనబడితే నాను అన్నం వడ్డించీదాన్ని. జబ్బొచ్చింతరవాత మరి ఇననేదు. అయిదేళ్లకి ఆదోరం ఇన్నాను. 'పండె పొద్దు, దించు కావిడి, తడిసినంత నేల నీది.'"

అని, గభాలున నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"ఓలమ్మా, సెప్పీసినాను! నీకు సెప్పొద్దన్నాడు."

"ఎందుకు?"

"'ఆ పిల్ల ఇంకా కావిడి మీద ఉన్నాది, ఇప్పుడే సెప్పకు' అన్నాడు."

నేను ఆ చెట్టు పట్టుకుని నిలబడ్డాను. డెబ్భై నాలుగు పాదాలు విని, ఇది కాదు, ఇది కాదు అంటూ రెండేళ్లు ఆ మాటని నోట్లో నీళ్లలాగ పట్టుకుని ఉన్నాడు. అలసట మీద నేను దాన్ని సగం కట్టేసిన రోజు ఎందుకంత భయపడ్డాడో తెలిసింది. అది కోపం కాదు. నా వెనక కుండలు ఒరిగిపోతాయని.

"తర్వాత మీరేం చేశారు పిన్నీ?" అన్నాను.

"ఏటి సేస్తానమ్మా? పాదం ఇనబడింది గదా. లోనికెల్లి అన్నం వడ్డించినాను. రెండు ముద్దలు తిన్నాడు. మంగలారం తెల్లారి పోనాడు."

వచ్చేటప్పుడు ఆవిడ రెండు బొండాలు దించి నా చేతిలో పెట్టింది. పెట్టాక నాలుక కరుచుకుంది. నేను చెవి దగ్గర పెట్టి ఊపి, వేలితో కొట్టి, లేతవని చెప్పాను. దారిలో మా ఆయన తాగారు.

ఇదంతా జరిగి నాలుగు నెలలైంది. నాలుగో పాదాన్ని ఇక్కడ రాశాను గాని నోటితో ఇంతవరకూ అనలేదు. కాగితం మీద రాయడం అన్నట్టు కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. మేస్టారు ఉంటే ఒప్పుకుంటారో లేదో. నోటు పుస్తకం బీరువాలోంచి తీశాను. డెబ్భై అయిదో పాదం రాశాను, డెబ్భై ఆరు రాస్తున్నాను. విని కాదనేవాళ్లు లేరు. నేనే కాదనుకుని కింద గీత గీస్తున్నాను.

ఈ వేళ సోమవారం. తెల్లవారుతుండగా తలుపు తీస్తే వెనకనున్న కావిడి బద్ద జారి నా భుజం మీద పడింది. తీసి నిలబెట్టి, స్కూటరు ఎక్కాను. ఎడమ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని చూసుకున్నాను, గిలక తిరుగుతోంది. ఊరు దాటేసరికి పెదాలు వాటంతట అవే ఎండ నీది కాదు, వాన నీది కాదు అంటున్నాయి. మూడు పాదాలయ్యాక మళ్లీ మొదటికొచ్చాను. మళ్లీ మూడు.

మా ఆయన అద్దంలోంచి నా వైపు చూశారు.

"ఎప్పుడూ అక్కడికే ఆపేస్తావు. తరవాతేటి?"

"ఇంటికొచ్చాక చెప్తాను ఎప్పుడో. పోనివ్వండి, ఆరున్నరకి సూది" అన్నాను.